థాంక్స్ చెప్పమంటున్నారు... ఏం చెప్పను?

ప్రశ్న: ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. 2020 మార్చిలో స్కూళ్లు మూసేశాక ఒక్క నెల సగం జీతం ఇచ్చారు. ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచేదాకా పైసా లేదు. ఆన్‌లైన్ క్లాసులు మాత్రం చెప్పించుకున్నారు. అడుగుదామంటే కరస్పాండెంట్ సార్ ఫోన్ ఎత్తేవారు కాదు. పేరెంట్సేమో ‘వాట్సాప్‌లో వీడియో పెట్టి ఫీజు అడుగుతారా’ అని మమ్మల్నే తిట్టేవారు. ఉపాధి హామీ పనికి వెళ్లాను, బావమరిది కిరాణా కొట్లో పొట్లాలు కట్టాను. మాతో పనిచేసిన హిందీ పండిట్ గారు 2021 మేలో కరోనాతో పోయారు. స్కూలు తరఫున ఒక దండ, ఐదు వేలు ఇచ్చారు. ఆయన భార్యకు ప్రభుత్వం ఇచ్చిన 50 వేలు తప్ప ఇంకేమీ రాలేదు. పీఎఫ్ కట్ అయ్యేదని మాత్రం తెలుసు.

ఇప్పుడు మా స్కూలు 25 ఏళ్ల పండుగ చేస్తోంది. సీనియర్‌ని కాబట్టి ‘కరోనాలో కుటుంబంలా అండగా నిలిచిన యాజమాన్యం’ గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. మా ఆవిడ ‘నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేయండి, మనిద్దరి పిల్లలకీ అక్కడే ఫీజు కన్సెషన్ ఉంది’ అంటోంది. నాకు నిద్ర పట్టట్లేదు. ఇంకో సంగతి. అప్పట్లో అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు, మమ్మల్ని తిట్టారు. యాజమాన్యాన్ని ఎవరూ ఏమీ అనలేదు. చివరికి మేం కూడా అనలేదు. ఎందుకని?

— ఒక మాస్టారు

సమాధానం:

మాస్టారూ,

స్టేజీ మీద ఏం మాట్లాడాలన్నదానికి దారి ఉంది, చెప్తాను. కానీ మిమ్మల్ని పడుకోనివ్వనిది ఆ ఐదు నిమిషాలు కాదని నాకనిపిస్తోంది. ఉత్తరం చివర్లో అడిగారే, ‘మేం కూడా అనలేదు, ఎందుకని’ అని, అదీ అసలు సంగతి. ముందు అదే మాట్లాడుకుందాం.

2020 మార్చి ఆఖరి వారం గుర్తు చేసుకోండి. 29వ తేదీన కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయినా సరే పరిశ్రమలు, దుకాణాలు, వ్యాపార సంస్థలు పనివాళ్ల జీతం కోయకుండా, ఇచ్చే తేదీకే ఇవ్వాలని. సరిగ్గా మర్నాడు, 30న, తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాల్లోనే కోత ప్రకటించింది. ముఖ్యమంత్రికి, మంత్రులకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60 శాతం, మామూలు ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వాళ్లకు 10. పెన్షన్లకూ కోత పడింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా సగం జీతం ఆపారు, కాకపోతే ‘వాయిదా’ అన్నారు. ఊళ్లలో ఉన్న యజమానులందరూ ఈ రెండు వార్తలూ చదివే ఉంటారు. మొదటిది చాలామందికి గుర్తు లేదు. రెండోది బాగా పనికొచ్చింది. ‘గవర్నమెంటే ఇవ్వలేకపోతోంది, నేనెక్కడినుంచి తేను?’ అన్న మాట మీ స్టాఫ్ రూమ్ దాకా వచ్చే ఉంటుంది.

కేంద్రం ఉత్తర్వు మాత్రం ఎంతకాలం నిలిచింది? ప్రైవేటు స్కూలు దాని కిందికి వస్తుందా రాదా అన్న వాదన తేలక ముందే, మే 18 నుంచి అది అమల్లో లేకుండా పోయింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. జూన్ 12న కోర్టు జీతాలివ్వని యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. జీతాల సంగతి యజమానులు, పనివాళ్లు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలంది. మాట్లాడుకోవాలంటే ముందు ఫోన్ ఎత్తాలి కదా!

ఇక ఎవరు ఎవరి మీద కోపగించుకున్నారో చూడండి. ప్రభుత్వోద్యోగులకు సంఘాలున్నాయి, జీవోలున్నాయి, కోర్టుకెళ్లే దారి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో రిటైరైన ఒక జిల్లా జడ్జి గారు జీతాలు, పెన్షన్ల వాయిదా మీద హైకోర్టులో పిల్ వేశారు. ఆపిన డబ్బు 12 శాతం వడ్డీతో కట్టమని హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే 2021 ఫిబ్రవరిలో వడ్డీ 6 శాతానికి తగ్గింది గానీ, జీతమూ పెన్షనూ ఉద్యోగి హక్కు అన్న మాట అలాగే నిలిచింది. తెలంగాణలో కోసిన జీతాన్ని తర్వాత వాయిదాల్లో తిరిగిచ్చారు. అంటే ప్రభుత్వాన్ని తిట్టిన వాళ్లకు ఆలస్యంగానైనా డబ్బు చేతికొచ్చింది. అందుకే ఆ కోపం పేపర్లలో కనిపించింది, అందరికీ గుర్తుండిపోయింది.

ఇంకో కోపం సంగారెడ్డి దగ్గర కందిలో బయటపడింది. ఐఐటీ భవనాలు కట్టే వలస కూలీలు, చాలామంది జార్ఖండ్, బీహార్ వైపు వాళ్లు, 2020 ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. జీతం బాకీలు ఇవ్వండి, మమ్మల్ని ఇంటికి పంపండి అన్నారు. రాళ్లు కూడా పడ్డాయి. దాన్ని నేను మెచ్చుకోవట్లేదు. కానీ మే 1 తెల్లవారుజామున వాళ్లలో దాదాపు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అదే. 

మరి మాస్టర్లు? మీకు ఆ రెండు దారులూ లేవు. బోధన చేసేవాళ్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మెన్’ కారని సుప్రీంకోర్టు 1988లోనే, గోవా టీచరమ్మ ఒకావిడ కేసులో, తేల్చేసింది. కాబట్టి ఫ్యాక్టరీ కార్మికుడిలా లేబర్ కోర్టుకు వెళ్లే వీల్లేకపోయింది. ప్రభుత్వ టీచర్లకున్న సంఘాల బలం మీకు లేదు. వీటికి తోడు ‘సార్’ అన్న పిలుపు. కూలీ రోడ్డెక్కితే కడుపు కాలి ఎక్కాడంటారు. సారు రోడ్డెక్కితే పిల్లలు చూస్తారు, పేరెంట్స్ చూస్తారు. పరువుకు వెరిచి మీరు నోరు మూసుకున్నారు, ఆ పరువును మీ యాజమాన్యం లెక్కలో వేసుకుంది. ఇందులో మీ పిరికితనం ఎంత, మీ చుట్టూ కట్టిన గోడ ఎంత అని విడదీయబోతే గోడే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

మీ విషయంలో తిట్లు కూడా దారి తప్పాయి. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఆ విద్యాసంవత్సరానికి ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలి అని. పేరెంట్స్‌లో చాలామందికి అప్పటికే ఆదాయం పోయింది. వాళ్లు కరస్పాండెంట్‌ని కలవలేరు, వాళ్ల ఫోన్‌లో ఉన్నది క్లాస్ టీచర్ నంబరే. ‘ఫీజు కట్టండి’ అన్న మెసేజ్ కూడా మీ నంబర్ నుంచే పంపించారు, అవునా? ఇంకేం, తిట్లు తినాల్సింది మీరే. పేరెంట్స్ కట్టలేదు కాబట్టి జీతం లేదని మీకు చెప్పారు. టీచర్లకు జీతాలివ్వాలి కాబట్టి ఫీజు కట్టండని పేరెంట్స్‌కి చెప్పారు. మధ్యలో లెక్క చూసింది ఒక్కరే.

2021 మార్చి 24 నుంచి స్కూళ్లు మళ్లీ మూతపడ్డాయి. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, రేషన్ షాపులో 25 కిలోల సన్నబియ్యం ప్రకటించింది. లక్షకు పైగా మంది తీసుకున్నారు. మంచి పనే, కాదనను. ఆకలికి అందిన సాయాన్ని ఎగతాళి చేయకూడదు. కానీ ఆ రోజుల్లో చర్చంతా రెండు వేలు సరిపోతాయా, బియ్యం మంచివేనా అన్న చుట్టూనే తిరిగింది. అసలు జీతమివ్వాల్సినవాడు ఏడి అన్న ప్రశ్న ఆ క్యూలోనే ఎక్కడో తప్పిపోయింది.

థాంక్స్‌తో సరిపెట్టడం మీవాళ్లకే కాదు, డాక్టర్లకూ జరిగింది. 2020 మార్చి 22న జనం పళ్లేలు మోగించారు. మే 3న వైమానిక దళం హెలికాప్టర్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. జూన్‌లో అదే గాంధీలో జూనియర్ డాక్టర్లు, తమవాడి మీద రోగి బంధువులు దాడి చేశారని, రక్షణ కావాలని, మనుషులు సరిపోవట్లేదని ధర్నాకు దిగారు. ముందు థాంక్స్ చెప్పేస్తే తర్వాత అడగడానికి మొహమాటం అడ్డొస్తుందని పైవాళ్లు ఎప్పుడూ ఆశపడతారు. డాక్టర్లు మొహమాటపడలేదు. ఇప్పుడు మీ స్కూలు ఆ థాంక్స్ మీ చేత చెప్పించుకోవాలని చూస్తోంది, అదీ జీతం ఎగ్గొట్టిన ఇన్నేళ్ల తర్వాత.

యాజమాన్యం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. చిన్న స్కూళ్లు నిజంగానే చితికిపోయాయి. బస్సుల మీద ఫైనాన్స్, బిల్డింగ్ అద్దె, రానే రాని ఫీజులు. రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు వాయిదా వేసుకునే వీలు (మారటోరియం) ఇచ్చినా, వడ్డీ ఆగలేదు. కొన్ని స్కూళ్లు మళ్లీ తెరుచుకోనే లేదు. మీ కరస్పాండెంట్‌కి ఇవ్వడానికి డబ్బు లేకపోయి ఉండొచ్చు. లేకపోవడం తప్పు కాదు. ఫీజు ఎంత వచ్చిందో, ఎవరికి ఎంత ఇవ్వగలడో మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఉన్నదాంట్లో పావు వంతు పంచి ఉంటే, ఇవాళ మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు. క్లాసులు చెప్పించుకుని ఫోన్ ఎత్తకపోవడం, అదీ తప్పు. దాన్ని ‘కుటుంబం’ అని పిలవమనడం ఇంకో తప్పు.

ఇక సభ సంగతి.

ఒకటి, అక్కడ నిలబడి అబద్ధం చెప్పొద్దు. మీ తోటి టీచర్లు కింద కూర్చుని వింటారు. వాళ్లందరికీ ఏం జరిగిందో తెలుసు. మీ చేత చెప్పించేది కూడా అందుకే. ఇంకెవరన్నా చెబితే నమ్మరు, లెక్కల సార్ చెబితే నమ్ముతారు. అలాగని మైకు పట్టుకుని నిజాలన్నీ కడిగేయమనీ చెప్పను. వేదిక వాళ్లది, చప్పట్లు కొట్టేది వాళ్లు పిలిచిన అతిథులు, మర్నాడు స్టాఫ్ రూమ్‌లో మీరు ఒంటరివాళ్లవుతారు. ఐదు నిమిషాల తృప్తికి ఏడాది చికాకు పడాలి.

అంశం మార్చమని అడగండి. ‘సార్, యాజమాన్యం గురించి ఎమ్మెల్యే గారో, ఎంఈఓ గారో మాట్లాడితే నిండుగా ఉంటుంది. నేను కరోనాలో మన టీచర్లు పాఠాలెలా చెప్పారో మాట్లాడతాను’ అనండి. ఇందులో కాదనడానికి ఏమీ లేదు, స్కూలుకూ గొప్పే. ముందుగా రాసివ్వమంటే ఇచ్చేయండి, దాచేదేమీ ఉండదు. స్మార్ట్‌ఫోన్ లేని పిల్లల కోసం ఎవరెవరు ఏమేం చేశారో, వంటింట్లో గోడకు చార్టు అంటించి పాఠం చెప్పిన టీచరమ్మలెవరో, మీకు తెలిసిన నిజాలు చెప్పండి. పండిట్ గారి పేరు చెప్పండి. ఏ క్లాసులకు చెప్పేవారో, ఏ పద్యం, ఏ దోహా ఆయన నోట పిల్లలకు గుర్తుందో చెప్పండి. ‘జీతం లేని నెలల్లో కూడా క్లాసు ఆపలేదు’ అన్న ఒక్క వాక్యం మామూలు గొంతుతో చెప్పి ముందుకెళ్లిపోండి. అది ఎవరినీ తిట్టడం కాదు. మీవాళ్లకు వినపడాల్సింది వినపడుతుంది.

అప్పటికీ ‘రెండు ముక్కలు మేనేజ్‌మెంట్ గురించి కూడా’ అని పట్టుబడితే, చేసినదాన్ని చేసినంత చెప్పండి. లాక్‌డౌన్ మొదట్లో ఒక నెల సగం జీతం ఇచ్చారు, 2021లో తెరవగానే మమ్మల్నే మళ్లీ పిలిచారు, పండిట్ గారి ఇంటికి ఐదు వేలు పంపారు, అందుకు కృతజ్ఞతలు. ఇంతే. అంకెలతో సహా. పొగడ్త అంకెల్లో చెబితే ఎంతుందో అంతే కనిపిస్తుంది, లెక్కల మాస్టారికి నేను చెప్పాలా.

మీ ఆవిడ భయం చిన్నది కాదు. ఇద్దరు పిల్లల కన్సెషన్ అంటే ఏడాదికి మీకు ఒకటి రెండు నెలల జీతం. ఆవిడ మిమ్మల్ని అబద్ధమాడమనట్లేదు, గొడవ వద్దంటోంది. పైన చెప్పిన దారిలో గొడవ లేదని ఆవిడకు చూపించండి, రాసిన కాగితం చదివి వినిపించండి. ఆవిడకు అభ్యంతరం అనిపించిన వాక్యం ఉంటే దాన్ని మరోసారి చూసుకోండి.

మీకు రావాల్సిన జీతం గురించి ఆశ పెట్టను. బాకీ జీతం కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు. కరోనా కాలాన్ని, అంటే 2022 ఫిబ్రవరి ఆఖరు దాకా, సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది గానీ, ఆ తర్వాతి మూడేళ్లూ 2025 ఫిబ్రవరితో అయిపోయాయి.

పండిట్ గారి ఇంట్లో వాళ్లకు మాత్రం ఇంకా దారులున్నాయి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కుదిపింది అదే. 50 వేలు అన్నది విపత్తు నిర్వహణ కింద కరోనా మృతుల కుటుంబాలన్నిటికీ సుప్రీంకోర్టు చెప్పాక ప్రభుత్వాలు ఇచ్చినది. ఆయన ఉద్యోగం చేసినందుకు రావాల్సినవి వేరే ఉన్నాయి. పీఎఫ్ కట్ అయ్యేదన్నారు కదా, అయితే మూడు చూడాలి. ఖాతాలో ఉన్న పీఎఫ్ సొమ్ము ఒకటి. భార్యకు నెలనెలా వచ్చే వితంతు పెన్షన్ రెండోది, దానికి తోడు 25 ఏళ్లలోపు పిల్లలు ఇద్దరిదాకా ఉంటే వాళ్లకూ కొంత వస్తుంది. సర్వీసులో ఉండగా పోతే ఈ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక నెల చందా కట్టి ఉన్నా చాలు. మూడోది ఈడీఎల్ఐ అనే బీమా, చాలామందికి పేరే తెలియదు. ప్రీమియం యాజమాన్యమే కడుతుంది కాబట్టి జీతం స్లిప్పులో కనపడదు. చనిపోయే ముందు 12 నెలలు వరసగా సర్వీసులో ఉంటే కనీసం రెండున్నర లక్షలు, 2021 ఏప్రిల్ 28 నుంచి గరిష్ఠం ఏడు లక్షలు.

తిరకాసు ఆ 12 నెలల దగ్గరే ఉంది. జీతాలివ్వని 2020లో మీ స్కూలు పీఎఫ్ కట్టడం ఆపేసి, ఆయన పేరు పక్కన ఉద్యోగం మానేసిన తేదీ వేసేసిందా? వేసి ఉంటే బీమాకూ, సర్వీసులో ఉండగా పోయినవాళ్ల పెన్షన్‌కూ అడ్డు పడుతుంది. వేయకుండా పేరు అలాగే ఉంచితే బలం మీ వైపు ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసులు చెప్పినట్టు వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు మీ ఫోన్‌లో ఇంకా ఉంటే తుడిచెయ్యకండి. ఆయన అప్పుడు పనిలోనే ఉన్నారనడానికి అవే సాక్ష్యం.

గ్రాట్యుటీ దీనికి వేరు. ప్రైవేటు టీచర్లకు కూడా గ్రాట్యుటీ వర్తిస్తుందన్న 2009 సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో ఖాయం చేసింది, అదీ 1997 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. మనిషి చనిపోతే ఐదేళ్ల సర్వీసు నిబంధన ఉండదు. చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించండి. మీకు నిమిషం పని. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో అది చెల్లదనడానికి లేదు. ఇవ్వనంటే కార్మిక శాఖ అధికారి దగ్గర అర్జీ పెట్టొచ్చు. అర్జీ మీద సంతకం ఆవిడది, మీది కాదు. మీ ఉద్యోగానికి దీంతో వచ్చే ముప్పు తక్కువ.

పీఎఫ్ ఆఫీసువాళ్లు ప్రతి నెలా 27న జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో శిబిరం పెడతారు. ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినాన. సభ కంటే ముందు వచ్చే 27కి ఆవిడను తీసుకెళ్లండి. ఆయన పీఎఫ్ యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), మరణ ధ్రువపత్రం, ఆధార్‌లు, ఆవిడ బ్యాంక్ పాస్‌బుక్ పట్టుకెళ్లి, ఖాతాలో చివరి చందా ఏ నెలది, మానేసిన తేదీ అని ఏదైనా ఉందా అని అడగండి. ఆ రెండు తేదీలూ తెలిశాక నాకు మళ్లీ రాయండి. తేదీ తప్పుగా వేసి ఉంటే దిద్దమని ఆవిడ కరస్పాండెంట్‌కి ఇవ్వాల్సిన ఉత్తరం ఎలా ఉండాలో అప్పుడు రాసిస్తాను.